నాలుగు వేళ్ల కొసరు

"రంజాన్ అయ్యేదాంక చూస్త కమలా. పండుగ అయినంక దుకాణం కిరాయికిచ్చేస్త," అని చాయ్ కప్పు కింద పెట్టాడు బాలనర్సింహ.

ఎంత తేలిగ్గా అనేశాడో చూడండి! చాయ్‌లో చక్కెర తక్కువైందని చెప్పినంత తేలిగ్గా! గౌలిపురాలోని ఆ ఇంట్లో, వంటింటి గడప మీద నిలబడిన కమల తడి చేతులు కొంగుకు తుడుచుకోవడం కూడా మరిచిపోయింది. బాలనర్సింహ ఆమెకు బావగారు, భర్తకు అన్న. నయాపూల్ దగ్గర గిన్నెల దుకాణం ఆయనది. పత్తర్‌గట్టిలోని బట్టల దుకాణం నడిపేది తమ్ముడు వైకుంఠం. ఎవరు నడిపినా, తండ్రి పోయిన నాటి నుంచి రెండు దుకాణాల మీదా పెత్తనం పెద్దాయనదే. ఆయన మాటకు ఆ ఇంట్లో ఎదురు లేదు. పీట మీద కూర్చుని వక్కలు కత్తిరిస్తున్న అత్తగారు మాణిక్యమ్మ కూడా తల ఎత్తలేదు.

వైకుంఠం ఇక ఆ బట్టల దుకాణంలో కూర్చోవడం కల్ల అన్నాడు బాలనర్సింహ. డాక్టరమ్మ ఒక మందు ఇచ్చింది, అది మార్చి ఇంకొకటి ఇచ్చింది, మొన్న మళ్లీ కొత్తది రాసింది, బాగుపడేది పోయి ఉల్టా మంచం పట్టాడు అన్నాడు. తాను చెడ్డవాణ్ని కాననీ, కానీ నాన్న పెట్టిన దుకాణం కళ్ల ముందు మునిగిపోతుంటే చూడలేననీ అన్నాడు. అందులో అబద్ధం లేదు. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకోవచ్చు... మంచివాడు అన్న మాట కాబట్టే కమల గుండెలో ముల్లులా దిగింది.

లోపలి గదిలో గోడవైపు తిరిగి పడుకున్న వైకుంఠానికి ఇవన్నీ వినబడుతూనే ఉన్నాయి. కమల వెళ్లి మంచం పక్కన కూర్చుని ఆయన భుజం మీద చెయ్యి వేసింది. వద్దని ఒక్క మాట అంటే చాలు... కనీసం కోప్పడినా చాలు... అని ఆమె ప్రాణమంతా చేతిలోనే పెట్టుకుని కూర్చుంది.

"ఇచ్చెయ్యనీ," అన్నాడు వైకుంఠం, గోడవైపు నుంచి తిరగకుండానే.

దుకాణం పోతే పోనీ! ఇంటికి పప్పూ ఉప్పూ పంపడానికి బావగారు వెనకాడే మనిషి కాదు. కానీ ఆ దుకాణంలో కూర్చునే మనిషి ఏమైపోతాడు? ఈ జబ్బు ఎప్పటికైనా తగ్గి ఆయన లేచి నిలబడితే, ఎక్కడికని వెళ్తాడు? ఆయన తిరిగి రావడానికి ఉన్న చోటు అదొక్కటే. అది కూడా చేతులు మారిపోతే ఆయన ఇక ఆ గోడవైపే ఉండిపోతాడు. కమల భయమంతా అదీ!

అసలు వైకుంఠం ఎలాంటి మనిషనుకున్నారు? లైనింగు బట్టలు, జాకెట్టు ముక్కలు, దుపట్టాల అంచులు అమ్మే చిన్న దుకాణమే, కానీ పత్తర్‌గట్టిలో ఆయన కొసరు తెలియని ఆడవాళ్లు లేరు. మీటరు బద్దతో కొలిచాక, కత్తెర పెట్టే ముందు బట్ట మీద నాలుగు వేళ్లు ఆనిస్తాడు. ఆ వేళ్ల అవతల కత్తిరిస్తాడు. ఆ నాలుగు వేళ్ల బట్టా కొసరు. ఎవరూ అడగక్కర్లేదు, బేరమాడిన వాళ్లకూ ఇస్తాడు, ఆడని వాళ్లకూ ఇస్తాడు. యాకుత్‌పురా నుంచి వచ్చే రజియా బేగం, వైకుంఠం భాయ్ కొసర్లతోనే మనవరాలి గౌనుకు చేతులు కుట్టించానని బజారంతా చెప్పుకునేది. కమల కూడా దెప్పేది. మీ కొసర్లన్నీ కలిపి కుడితే చార్మినార్‌కు చీర కట్టొచ్చు అనేది. దానికి ఆయన పడీ పడీ నవ్వేవాడు.

అలాంటి మనిషి పోయిన ఎండాకాలం ఒక మధ్యాహ్నం, ఎదురుగా గిరాకీ నిలబడి ఉండగా, సగం తెగిన బట్టలోనే కత్తెర వదిలేసి ఇంటికి వచ్చేశాడు. చేతులు ఆడడం లేదన్నాడు. ఆ మర్నాడు లేవలేదు. కారణం ఏమిటని అడగని వాళ్లు లేరు. అప్పులా? లేవు. గొడవలా? లేవు. వరంగల్‌లో చదువుకుంటున్న కూతురు ఆశ్రిత చక్కగా చదువుతోంది. మరి ఇంత మనిషికి ఏం కొరత వచ్చింది? మాణిక్యమ్మ దిష్టి తీసింది, గుట్ట మీది దేవుడికి మొక్కింది, దర్గాకు తీసుకెళ్లి ఊదించుకొచ్చింది. ఆఖరికి కమలే పట్టుబట్టి సంతోష్‌నగర్‌లో డాక్టర్ సాహిత్య దగ్గరికి తీసుకెళ్లింది. ఆమె అంతా విని, ఇది డిప్రెషన్ అనే జబ్బనీ, కారణం ఉన్నా రావచ్చు, లేకపోయినా రావచ్చనీ, ఇందులో ఎవరి తప్పూ లేదనీ చెప్పింది. మొదటి మందు పని చేయలేదు. నిదానంగా అది తప్పించి రెండోది పెట్టింది. దానితో కాస్త తెరిపి ఇచ్చింది. వైకుంఠం స్నానం చేశాడు, కూరలో ఉప్పు తక్కువైందన్నాడు, పేపరు చేతిలోకి తీసుకున్నాడు. కమలకు ఏనుగెక్కినంత సంబరం! కానీ అక్కడే ఆగిపోయాడు. మోతాదు పెంచినా, నెలలు గడిచినా సగం దారిలోనే నిలబడిపోయాడు. నవ్వు మాత్రం రాలేదు... దుకాణం మాట ఎత్తితే కళ్లు దించుకునేవాడు.

అప్పుడు కమల తానే వెళ్లి దుకాణం షట్టరు ఎత్తింది. ఆ ఇంటి ఆడవాళ్లు అంతకు ముందు ఎవరూ ఎత్తలేదు. మొగడిని పండబెట్టి ఈమె బజారుకెక్కిందని అన్నవాళ్లు అన్నారు. మాణిక్యమ్మ ముఖం ముడుచుకుంది. కమల నేర్చుకోవలసింది నేర్చుకుంది గానీ, కొసరు దగ్గర మాత్రం ఆమె చెయ్యి ఆగిపోయేది. ఎక్కువ పోతుందేమో, బావగారు అడిగితే ఏం చెప్పాలో అని బద్ద చివరన గీత గీసినట్టు కత్తిరించేది. రజియా బేగం ఆ బట్ట మడత చూసుకుని ఏమీ అనకుండా వెళ్లిపోయేది. అనకపోవడమే కమలకు ఎక్కువ బాధగా ఉండేది.

ఇక అసలు పొరపాటు ఎలా జరిగిందో వినండి. పండుగకు బట్టలు కుట్టించుకునే వాళ్లు రంజాన్ నెల మొదలవకముందు నుంచే వస్తారు కదా, దుకాణం వదిలి కదలలేని రోజులు. ఆసారి డాక్టరు దగ్గరికి తమ్ముణ్ని బాలనర్సింహ తీసుకెళ్లాడు. సాయంత్రం వచ్చి, పాత గోలీతో పూర్తిగా తగ్గడం లేదట, ఇంకొకటి రాసింది, ఇదిగో అని కమల చేతిలో పెట్టాడు. అంతే చెప్పాడు. పీట మీద ఉన్న మాణిక్యమ్మ, పాతది మానాలా అని అడిగితే, "పని చెయ్యంది ఎందుకమ్మా, కొత్తదొచ్చింది గద," అన్నాడు.

కమలకూ అది సబబుగానే తోచింది. పత్తర్‌గట్టిలో బట్టల వాళ్లకు ఒక పద్ధతి ఉంది. కొత్త బట్ట తాను దిగిందంటే, అమ్ముడుపోక కదలని పాత తానును ఏజెంటుకు వాపసు చేసెయ్యాలి. రెండూ ఒకే అరలో పెడితే పాతది కొత్తదాన్ని కూడా కదలనివ్వదని మామగారు చెప్పేవారట. కమల అదే పద్ధతి మందులకూ పెట్టింది. పాత గోలీల షీట్లు విప్పనివి విప్పనట్టే తీసుకెళ్లి, తెలిసిన మందుల దుకాణంలో ఆ సాయంత్రమే వాపసు ఇచ్చేసింది. ఇంటికి వచ్చి కొత్త గోలీ ఒక్కటే భర్తకు ఇచ్చి, దేవుడి ముందు దీపం పెట్టి, ఇక బాగైపోతాడని మొక్కుకుంది. అయ్యో తల్లీ... ఎంత ఆశగా మొక్కుకుందో!

వారం తిరగకుండానే వైకుంఠానికి తల తిరగడం మొదలైంది. ఒళ్లంతా కరెంటు తగిలినట్టు జిల్లుమంటోందనేవాడు. నిద్ర లేదు. ఎన్నడూ గట్టిగా మాట్లాడని మనిషి అన్నం పళ్లెం తోసేశాడు. ఆ తర్వాత ఆ కోపమూ పోయింది. స్నానం మానాడు, పేపరు మానాడు, గోడవైపు తిరిగాడు. కొత్త మందు పడలేదని ఇంటిల్లిపాదీ తేల్చేశారు. ఆ కొత్త మందునే తిట్టుకున్నారు. అదిగో, అలాంటి రోజుల్లోనే బాలనర్సింహ వచ్చి చాయ్ తాగి, దుకాణం కిరాయికిస్తానన్నది.

కమల కళ్లు తుడుచుకుని నడింట్లోకి వచ్చింది. ఆమె ఎన్నడూ బావగారి ఎదుట నిలబడి మాట్లాడలేదు.

"పండుగ దాంక టైమిచ్చిండ్రు గద బావా. అదే నాకియ్యిండ్రి. చాలు," అంది.

మర్నాడు దుకాణం తియ్యలేదు. వైకుంఠానికి తానే చొక్కా తొడిగి, బతిమాలి, ఆటో ఎక్కించింది. చివరి నిమిషంలో మాణిక్యమ్మ కూడా చెప్పులు వేసుకుని బయలుదేరింది. తన కొడుకును ఇలా చేసిన ఆ డాక్టరమ్మను నాలుగు మాటలు అడిగి గానీ రానంది. దారి పొడుగునా కమల ఒక చేత్తో భర్తను పట్టుకుని, ఇంకో చేత్తో కొత్త గోలీల షీటు పట్టుకుని కూర్చుంది.

డాక్టర్ సాహిత్య ముందు వైకుంఠంతోనే మాట్లాడింది. నిద్ర గురించి, తిండి గురించి అడిగింది. ఆ తర్వాత గొంతు ఏమాత్రం మార్చకుండా, చనిపోవాలని అనిపిస్తోందా అని అడిగింది. అలాంటి మాట నోటితో అనొచ్చా! మాణిక్యమ్మ చెవులు మూసుకుంది.

వైకుంఠం నేల చూస్తూ చెప్పాడు. "సచ్చిపోవాలని లేదు డాక్టరమ్మా. కానీ నేను లేకుంటె కమలకు గింత తక్లీఫ్ ఉండకపోవు అనిపిస్తది. రోజూ అనిపిస్తది."

కమల కొంగు నోట్లో కుక్కుకుంది. ఇన్నాళ్లూ ఒకే మంచం మీద పడుకుని, ఒకే చెంబు నీళ్లు తాగి, ఈ మాట ఎందుకు అడగలేకపోయింది? అడిగితే ఎక్కడ నిజమవుతుందో అని కదూ! నాలుగు మాటలు అడగడానికి వచ్చిన మాణిక్యమ్మ కొడుకు మోకాలి మీద చెయ్యి వేసి, ఆ చెయ్యి తియ్యకుండా కూర్చుండిపోయింది.

చెప్పి మంచి పని చేశారంది డాక్టరు. ఈ ఆలోచన వచ్చినప్పుడల్లా పక్కనున్న వాళ్లకు వెంటనే చెప్పాలనీ, కొన్నాళ్లు ఒంటరిగా వదలొద్దనీ, ఏ వేళైనా తనకు ఫోన్ చేయొచ్చనీ చెప్పి నంబరు ఇచ్చింది. ఆ తర్వాత పాత గోలీ, కొత్త గోలీ రెండూ ఏ పూట వేస్తున్నారని కమలను అడిగింది.

"పాతది వాపస్ ఇచ్చిన గదమ్మా," అంది కమల.

డాక్టరు చేతిలో కలం ఆగింది. ఆమె కోప్పడలేదు. కుర్చీ కాస్త ముందుకు జరుపుకుంది.

"పాతది ఆపమని నేను చెప్పలేదు కమల గారూ. అది సగం పని చేస్తోంది కదా, మీరే చెప్పారు, స్నానం చేస్తున్నారని, అన్నం తింటున్నారని. ఆ సగాన్ని నిండు చెయ్యడానికే కొత్తది కొంచెం మోతాదులో దాని మీద కలిపాను. ఇది దానికి బదులు కాదండీ, దానికి తోడు. పాతది ఒక్కసారిగా ఆపెయ్యడం వల్లే ఈ తల తిరగడం, ఈ జిల్లుమనడం. ఉన్న కాస్త ఆధారం కూడా పోయింది."

కమల వింటోంది. మందుల పేర్లు ఆమెకు తెలియవు, నోరు తిరగదు. కానీ డాక్టరు చెప్పినదంతా తనకు తెలిసిన చోటికే వచ్చి ఆగింది. బద్ద కింద పరిచిన బట్ట, దాని మీద ఆనిన నాలుగు వేళ్లు...

"అంటె కొసరు," అంది మెల్లగా. "మీటరు కొలిచి దాని మీద కొసరియ్యాలె. నేను మీటరు వాపస్ పంపి, ఉత్త కొసరు చేతిల పెట్టిన. నాలుగు వేళ్ల బట్టల మనిషికి అంగీ ఎట్లయితది డాక్టరమ్మా."

అని మోకాళ్ల మీద తల వాల్చి ఏడ్చేసింది. నా చేతులతో నేనే చేశానే అని ఏడ్చింది. దీపం పెట్టి మరీ చేశానే అని ఏడ్చింది. డాక్టర్ సాహిత్య లేచి వచ్చి మంచినీళ్లు ఇచ్చింది. ఇలా పొరబడేవాళ్లు చాలామంది ఉన్నారనీ, ఇకపై అందరికీ మీ కొసరు మాటే చెబుతాననీ అంది. పాత గోలీ మళ్లీ తక్కువతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోదామనీ, కొత్తది అలాగే ఉంచుదామనీ చెప్పింది. కాళ్లు నిలవనంత ఆదుర్దాగా ఉన్నా, బరువు పెరిగినా చెప్పాలంది, షుగరు పరీక్ష రాసింది. కొందరికి ఈ తోడు మందు కూడా సరిపోకపోవచ్చు, అప్పుడు వేరే దారులున్నాయి, ఈయన విషయంలో ఆశ ఉందనే అనుకుంటున్నాను, వారాలు పడుతుంది, ఓపిక పట్టండి అంది. గ్యారంటీ ఇవ్వలేదు. అయినా కమలకు ఆ మాటే నమ్మకంగా తోచింది.

సాయంత్రం బాలనర్సింహ వచ్చాడు. కమల జరిగింది చెప్పింది. తన తప్పేనంది. పాత మందు తానే వాపసు ఇచ్చానంది. బావగారు ఏం చెప్పారో, చెప్పలేదో ఆ ఊసే ఎత్తలేదు. బాలనర్సింహ మండిపడ్డాడు. చదువుకున్న డాక్టరు రాసిస్తే నీ ఇష్టం వచ్చినట్టు మానేస్తావా, నా తమ్ముడితో ఆటలా, దుకాణం ఎక్కాక నీకు తెలివి ఎక్కువైందా అని నోటికొచ్చినట్టు అన్నాడు. కమల తల వంచుకుని నిలబడింది. ఒక్క మాట... ఒక్క మాట చెబితే చాలు, బావగారి నోరు మూతపడుతుంది! కానీ అన్నదమ్ముల మధ్య ఆ మాట పెట్టడం ఆమెకు ఇష్టం లేదు.

వక్కల కత్తెర కింద పడ్డ చప్పుడైంది. మాణిక్యమ్మ పీట మీద నుంచి లేచింది.

"ఆపురా నర్సింహ. మానాల్నా అని నేనడిగిన. పని చెయ్యంది ఎందుకమ్మా అన్నది ఎవరు? నువ్వు గాదా? డాక్టరమ్మ చెప్తుంటె నువ్వు ఫోన్‌ల మాట్లాడుకుంట బయటికి పోయినవంట. తమ్ముడు చెప్పిండు ఆటోల."

ముసలమ్మ కోడలి దగ్గరికి వచ్చి, ఇన్నేళ్లలో ఎన్నడూ లేనిది, ఆమె రెండు చేతులూ పట్టుకుంది. కత్తెర పట్టీ పట్టీ కమల బొటనవేలు కాయకట్టి ఉంది. దాన్ని తడిమింది.

"నా కొడుకును నువ్వు మోస్తున్నవ్ బిడ్డా. నేను మొకం ముడుచుకున్న. నాకు కండ్లు లెవ్వు," అని కోడలి భుజం మీద తల ఆనించి ఏడ్చింది. అత్తాకోడళ్లు ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తుంటే బాలనర్సింహ చెప్పులు వెతుక్కుంటూ బయటికి వెళ్లిపోయాడు. పోతూ పోతూ, పండుగ దాకా అన్నాను కదా, చూద్దాం అని మాత్రం గొణిగాడు.

రంజాన్ నెల మొదలైంది. కమల పగలు దుకాణంలో, మాణిక్యమ్మ పగలంతా కొడుకు పక్కన. ముసలమ్మ ఇప్పుడు దిష్టి మాట ఎత్తడం లేదు. పక్కింటామె వచ్చి మనసుకు మందేంటి అంటే, నీ మోకాలుకు వేస్తున్నావు కదా, ఇదీ అంతే అని తిప్పి పంపింది! ఇల్లు అలకగానే పండగ కాదన్నట్టు, వైకుంఠం వెంటనే లేవలేదు. ముందు తల తిరగడం తగ్గింది. తర్వాత నిద్ర వచ్చింది. ఒకరోజు బాగుంటే రెండు రోజులు మళ్లీ గోడవైపే. ఆ చెడ్డ రోజుల్లో కమల పక్కన కూర్చుని, ఆలోచన వచ్చిందా అని అడిగేది. ఇప్పుడు అడగడానికి భయపడేది కాదు. వచ్చింది అనేవాడు. నాకు మీరు తక్లీఫ్ కాదు, మీరు లేకపోవడమే తక్లీఫ్ అని చెప్పేది. ఒకరోజు రాలేదు అన్నాడు. ఆ పూట ఆమె కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది. ఆయన తిని, మస్తు ఉప్పుందన్నాడు. ఆమె ఆ పళ్లెం కళ్లకద్దుకున్నంత పని చేసింది.

పండుగ దగ్గర పడింది. పత్తర్‌గట్టిలో కాలు పెట్టడానికి సందు లేదు. ఒక సాయంకాలం కమల ఎదుట రజియా బేగం నిలబడి ఉంది, పచ్చ రంగు లైనింగు కావాలంది. కమల బద్ద పెట్టి కొలిచి, ఎప్పటిలాగే చివరన కత్తెర పెట్టింది.

"ఆగు," అన్నారు ఎవరో.

మెట్టు దగ్గర వైకుంఠం! వెనక ఆయాసపడుతూ మాణిక్యమ్మ. ఇస్త్రీ లేని చొక్కా, చిక్కిపోయిన ముఖం, చెదిరిన జుట్టు... అయినా ఆయనే! ఆయన లోపలికి వచ్చి బట్ట మీద చెయ్యి పెట్టాడు. నాలుగు వేళ్లు ఆనించాడు. ఆ వేళ్ల అవతల కత్తెర జరిపి, ఊ అన్నట్టు కమల వైపు చూశాడు. కళ్లలో నీళ్లు నిండి కమలకు బట్ట కనిపించలేదు. ఆయన చెయ్యి ఆనవాలు పట్టుకుని కత్తిరించింది.

"ఆ గయే భాయ్?" అంది రజియా బేగం.

"ఆ అమ్మా... వచ్చిన," అన్నాడు వైకుంఠం. అప్పటికే అలిసిపోయి గల్లాపెట్టె పక్కన కూలబడ్డాడు. మర్నాడు రాగలడో లేదో ఆయనకే తెలియదు. కానీ ఈ రోజు వచ్చాడు.

రద్దీ తగ్గాక చూస్తే ఎదుటి గట్టు మీద బాలనర్సింహ నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో! మెల్లగా వచ్చి గిరాకీలు కూర్చునే బల్ల మీద కూర్చున్నాడు. కిరాయి మాట ఎత్తలేదు. కమల ముఖం వైపు చూడలేక, అరల్లోని తానుల వైపు చూశాడు.

"మీ వదినకు తెల్ల లైనింగు కావాల్నంట. ఒక మీటరు కొయ్యిరా తమ్మి," అన్నాడు. గొంతు తగ్గించి, "నువ్వు లేనప్పుడు కమల కోస్తది గద... వచ్చే రంజాన్‌కు గూడ ఈడనే తీసుకుంట," అన్నాడు. ఆ పొగరుమోతు నోట క్షమాపణ అంతకన్నా తిన్నగా రాదని కమలకు తెలుసు. అరలోంచి తెల్ల బట్ట తాను దించి, బద్ద భర్త చేతికిచ్చింది.

ఇంతలో ఇఫ్తార్ సైరన్ మోగింది. వీధి వీధంతా ఒక్కసారి ఆగింది. ఎదుటి దుకాణంలో ఖర్జూరాలు పంచుకుంటున్నారు. వైకుంఠం గోలీలు వేసుకునే వేళ కూడా అదే. కమల సంచీలోంచి నీళ్ల సీసా తీసింది. పాత గోలీ ఆయన అరచేతిలో పెట్టింది. కొత్తది షీటు నుంచి ఊడి రావడం లేదు, గోటితో గిల్లుతోంది. ఆయన అరచెయ్యి చాపే ఉంచాడు.

"కొసరేది?" అన్నాడు.

కమల తల ఎత్తింది. ఆయన పెదవి చివర చిన్న వంకర! ఏడాది... ఏడాది నుంచి ఆమె ఎదురు చూసిన ఆ వంకర! ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మాణిక్యమ్మ కోడలి చేతిలోంచి షీటు తీసుకుని, గోలీ ఊడదీసి, కొడుకు చేతిలో తానే పెట్టింది. ఆయన రెండూ నోట్లో వేసుకుని నీళ్లు తాగాడు. తర్వాత బాలనర్సింహ వైపు తిరిగి తెల్ల తాను పరిచాడు.